ఎనిమిది ముక్కల గొడుగు

పదకొండో భాగం

కిందటి వారం నానమ్మ ఒళ్లో ఒక కాగితం పడేసి, మన దారిన మనం వచ్చేశాం. అలా వదిలేసి రావడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. పత్రికలో చోటు అంతవరకే ఉంది మరి. మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. మొదటినుంచీ వస్తున్నవాళ్లు ఈలోపు కళ్లజోడు తుడుచుకోవచ్చు.

గొడుగుల కొట్టువాళ్ల అమ్మాయికి పదహారేళ్లు. ఏది చెప్పినా ‘ఎందుకు?’ అని అడుగుతుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను ఎందుకమ్మ అనే పిలుస్తుంది. బడిలో చివరి రెండేళ్లకు లెక్కలు రెండు దారులుగా చీలిపోతాయి. ఒకటి వాడుక లెక్కలు. అందులో శాతాలు, కొలతలు, బరువులు ఉంటాయి, బతకడానికి అవి చాలు. రెండోది పెద్ద లెక్కలు. అందులో వంపులుంటాయి, మార్పులుంటాయి, ప్రతి ‘ఎందుకు’కీ చివరిదాకా వెళ్లే ఓపిక ఉంటుంది. ఎందుకమ్మకు కావలసింది రెండోదే. పరీక్షలో యాభైకి ముప్పై ఐదు వస్తే నేరుగా చేరొచ్చు. ఆమెకు వచ్చినవి ముప్పైమూడు. ఆ ముప్పై ఐదు గీతకు కింద మిగిలినవాళ్లు చేరాలంటే తల్లిగానీ తండ్రిగానీ ఫారం మీద సంతకం పెట్టాలి. శనివారం సాయంత్రం నాలుగింటిలోపు అది బడికి చేరకపోతే పేరు వాడుక లెక్కల్లో పడుతుంది, ఇక రెండేళ్లూ కదలదు.

నాన్న వద్దన్నాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. “నేను పెట్టగలనే. కానీ అది మీ నాన్న పెట్టాల్సిన సంతకం” అని తిరకాసు మాట ఒకటి చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది. దిక్కుతోచక ఎందుకమ్మ ఆ ఫారాన్ని, రిపేరుకొచ్చి నెల దాటినా ఎవరూ తీసుకెళ్లని ఒక నల్ల గొడుగు మడతల్లో దాచింది. సరిగ్గా శనివారం మధ్యాహ్నం ఆ గొడుగు తాలూకు మనిషి రాత్రికి వచ్చి తీసుకెళ్తానని కబురు పంపాడు. నానమ్మ గొడుగు విప్పి చూసింది. కాగితం జారి ఒళ్లో పడింది.

నానమ్మ గాభరా పడే మనిషి కాదు. కాగితాన్ని చేతి పొడవునా దూరంగా పట్టుకుని, తలుపు దగ్గర నిలబడిపోయిన మనవరాలికి వినబడేలా చదివింది.

“పెద్ద లెక్కలు. పక్కన టిక్కు. కింద సంతకం ఖాళీ.” కళ్లజోడు పైనుంచి చూసింది. “గొడుగుల ఇంట్లో పుట్టి, గొడుగులో దాచావటే? దొంగ వెళ్లి పోలీస్‌స్టేషన్‌లో పడుకున్నట్టుంది.”

“ఇంకెక్కడ దాచను నానమ్మా? ఇంట్లో గొడుగులు తప్ప ఏమున్నాయి?”

“అదీ నిజమే.” మళ్లీ కాగితంలోకి వంగింది. అడుగున ఎర్ర సిరాతో ఒక వరుస రాసి ఉంది. “‘ఇంట్లో ఒప్పుకుంటే నాకు సంతోషం.’ ఎవరిదీ రాత? చివర ఈ డబ్బా ఏంటి?”

“మా లెక్కల టీచరమ్మది. ఆవిడ చుక్క పెట్టదు నానమ్మా, చతురం పెడుతుంది. రుజువు పూర్తయిందని గుర్తట. నలభై ఏళ్లనుంచీ అంతేనట. ఈ నెలతో రిటైరైపోతోంది.”

“ఊఁ” అంది నానమ్మ. ఆ ఎర్ర చతురం మీద వేలు పెట్టి, అవసరమైనదానికంటే కాసేపు ఎక్కువే ఉంచింది. తర్వాత ఏమనేదో మనకు తెలియదు. పెరటి మేడమీదినుంచి నాన్న గొంతు వినిపించింది.

“జరగండి! అందరూ జరగండి! నీళ్లొస్తున్నాయి!”

ఈ కొట్టుకొక పద్ధతుంది. చిన్నదైనా పెద్దదైనా సరే, పెరట్లో గొడుగు విప్పి నిలబెట్టి, మేడమీదినుంచి బిందెడు నీళ్లు కుమ్మరించి చూడందే బయటికి పంపరు. ఆ రోజు పెరట్లో నిలబడింది మామూలు గొడుగు కాదు. కాఫీ హోటలావిడ తన హోటలు ముందు వేసుకోవడానికి చెప్పిన గుంజ గొడుగు, నలుగురు కూర్చునే బల్లమీద నీడ పట్టేది. కొట్టు చరిత్రలో అంత పెద్దది కుట్టడం అదే మొదలు. సాయంత్రం ఐదింటికి దాని కింద మొదటి కాఫీ పోస్తానని ఆవిడ వీధంతా చాటింది. గొడుగు ఎలా ఉందో చూద్దామని కొత్త చెప్పులు వేసుకుని ముందే వచ్చి నానమ్మ పనిబల్ల పక్కన కూర్చుంది.

నీళ్లు పడ్డాయి. పడ్డవి జారలేదు. ఎనిమిది ఊచల మధ్య ఎనిమిది గుడ్డ ముక్కలూ ఎనిమిది ఉయ్యాలల్లా కిందికి దిగి, నీళ్లన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాయి. గొడుగు ఒక్క క్షణం ఆలోచించింది. అంతలో గాలి వీచింది. గుంజ ఇటు ఒరిగింది. ఉన్న నీళ్లన్నీ ఒక్క వాలున కిటికీలోంచి నానమ్మ పనిబల్ల మీదికి వచ్చేశాయి. బల్లమీద గొడుగు ముక్కలు కత్తిరించే అట్ట నమూనా ఉంది. అది తడిసింది. బల్ల పక్కన కాఫీ హోటలావిడ చెప్పులున్నాయి. అవీ తడిశాయి.

“అన్నా, నేనడిగింది నీడ. నీళ్లతొట్టి ఎవరడిగారు?” అంది ఆవిడ కాళ్లు పైకెత్తుకుని.

నాన్న మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. గొడుగు చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్లీ తిరిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, “ఈ కొత్త గుడ్డ సాగుడు రకంలా ఉంది” అన్నాడు.

“పొద్దున ఇదే గుడ్డను ఎంత బిగువుగా ఉందో అని మెచ్చుకున్నావురా” అంది నానమ్మ, తడిసిన నమూనాను చీరకొంగుతో అద్దుతూ పెరట్లోకి వచ్చి. అది ‘తాత నమూనా’. పొరలు పొరలుగా కాగితాలు అతికించిన మందపాటి అట్ట. తాత పోయి పదేళ్లైనా కొట్టులో గుంజ గొడుగులన్నీ దాంతోనే పుడతాయి. జిగురు నానమ్మది. పిండి ఉడకబెట్టడం, అతికించడం ఆవిడ ఇంకెవరి చేతా చేయించదు. “నా జిగురుకేం కాదులే, ఎండలో పెడితే ఆరుతుంది” అంది.

“కొలత సరిగ్గానే తీశాను” అన్నాడు నాన్న తనలో తను అనుకుంటున్నట్టు. “నమూనాకి అంచు దగ్గర ముప్పై ఆరు వేళ్లు. కొత్త ఊచల కొసల మధ్య నలభై ఎనిమిది. పన్నెండు తక్కువ. అటు ఆరు, ఇటు ఆరు పెంచాను. ఎక్కడొచ్చింది తప్పు?”

“పై నుంచి కిందిదాకా అన్నిచోట్లా ఆరేనా నాన్నా?” అంది ఎందుకమ్మ.

“అన్నిచోట్లా ఆరే. మొన దగ్గర మాత్రం ఎప్పట్లా కలిపేశాను.”

“ఎందుకు?”

పెరట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి గాలి పీల్చుకున్నారు.

“ఎందుకేంటి? మీ తాత చెప్పాడు. గొడుగు పెద్దదైతే పక్కకు ఇన్ని వేళ్లని పెంచు, మొన దగ్గర కలిపెయ్. ఇన్నేళ్లూ అలాగే కుడుతున్నాం.”

“ఇన్నేళ్లూ ఒక వేలో, అర వేలో పెంచాం. అంత తేడా అయితే గుడ్డే సర్దుకుపోతుంది. ఆరు వేళ్లు ఎప్పుడైనా పెంచామా?”

నాన్న మంచివాడు. కానీ ఆకలితో ఉన్నాడు, తడిసి ఉన్నాడు, పైగా బేరమిచ్చిన మనిషి ముందు పరువు పోయి ఉన్నాడు. “ముప్పైమూడు మార్కులు తెచ్చుకుని నాకు పాఠం చెబుతున్నావా?” అనేశాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఎందుకమ్మ ముఖం చిన్నబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఆ రోజు పెరట్లో అప్పటికే కావలసినన్ని నీళ్లున్నాయని కాబోలు, కిందికి రానివ్వలేదు.

“ఆ ముప్పైమూడు సంగతే ఇందులో ఉంది, చూడు” అని నానమ్మ ఫారం తీసి కొడుకు చేతిలో పెట్టింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. నాన్న చదివాడు. టిక్కు చూశాడు. ఎర్ర సిరా దాకా వెళ్లకుండానే కాగితం దించాడు.

“నేను వద్దన్నాను కదా?”

“వద్దన్నావు నాన్నా. ఎందుకో చెప్పలేదు.”

నాన్న తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. “ఆ దారిలో మొదలుపెట్టి, మధ్యలో నీవల్ల కాదని వెనక్కి పంపిస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదు. అందుకు” అన్నాడు చివరికి.

“నీకు తెలుసా?”

“గొడుగు సంగతి చూద్దాం” అని నాన్న అటు తిరిగాడు. చిన్నప్పటినుంచీ ఎందుకమ్మకు ఇంట్లో చెప్పింది ఒక్కటే: మీ నాన్నకు లెక్కలంటే గిట్టదు. అందుకే ఆ ‘అందుకు’ ఆమెకు వింతగా వినిపించింది.

“సంతకం సంగతి నాలుగింటికి, నా గొడుగు సంగతి ఐదింటికి” అంది కాఫీ హోటలావిడ. “ఇప్పుడు ఒంటిగంట. ఏదో ఒకటి ముందు మొదలుపెట్టండి బాబూ. నేను మాత్రం చెప్పులు ఆరేదాకా కదలను.”

ఎందుకమ్మ నిలబడి ఆ వేలాడే గుడ్డ వైపే చూస్తోంది. నాన్నను గెలవాలని కాదు. తప్పు కళ్లముందు వేలాడుతుంటే, అదెక్కడిదో తెలియకుండా ఆమె పక్కకు జరగలేదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బు. తడి నమూనాను నేలమీద పరిచింది. వంగి తన వేళ్లతో కొలవబోయి ఆగిపోయింది. కొట్టులో కొలతలన్నీ నాన్న వేళ్లవే. తన వేళ్లు సన్నం.

“నాన్నా, చెయ్యివ్వు.”

నాన్న ముఖం తిప్పుకునే ఉన్నాడు. చెయ్యి మాత్రం ఇచ్చాడు. తండ్రి మీద అలిగిన కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని, కొలబద్దలాగా నమూనా మీద వేళ్లు దించుతూ పోయింది. మొననుంచి పావు దూరంలో పన్నెండు వేళ్లు, సగంలో ఇరవై ఒకటి, ముప్పావులో ముప్పై, అంచున ముప్పై ఆరు. తర్వాత అదే చేత్తో కుట్టిన గొడుగును కొలిచింది. ఇరవై నాలుగు, ముప్పైమూడు, నలభై రెండు, నలభై ఎనిమిది. అన్నీ సుద్దతో గచ్చు మీద రాసింది.

“అంచు చూడు నాన్నా. ముప్పై ఆరు నలభై ఎనిమిది అయింది. అంటే మూడున్నచోట నాలుగు. ఊచ పొడవూ అంతే పెరిగింది, మూడున్నచోట నాలుగు. మరి ప్రతిచోటా మూడున్నచోట నాలుగే ఉండాలి కదా? పావు దగ్గర పన్నెండుంటే పదహారు చాలు. మనం ఇరవై నాలుగు పెట్టాం. ఎనిమిది వేళ్లు ఎక్కువ. ఎనిమిది ముక్కలకూ కలిపి...”

“అరవై నాలుగు” అంది కాఫీ హోటలావిడ. కప్పులు లెక్కపెట్టే నోరు, ఊరుకోలేదు. “అవును మరి! పిల్లాడి చొక్కా కొలతలు పట్టుకుని పెద్దాడికి కుడితే, నడుముకు పెంచినంత మెడకూ పెంచుతామా?”

నాన్న గచ్చు మీద అంకెలకేసి చూశాడు. పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే మనసులో సరిచూసుకున్నాడు. ఎందుకమ్మ గమనించింది, ఆయన చాలా త్వరగా సరిచూసుకున్నాడు. అంకెలు గిట్టని మనిషి అంత త్వరగా చూడడు.

“విప్పుదాం” అన్నాడు.

తర్వాత గంట పెరట్లో అందరూ కుట్లు విప్పడమే. నానమ్మ రెండు ముక్కలు, నాన్న మూడు, ఎందుకమ్మ మూడు. కాఫీ హోటలావిడ కూడా సూది అందుకుని ఒక కుట్టు విప్పింది, దాంతోపాటు వీధిలో ముగ్గురి గుట్లు కూడా విప్పింది. నమూనాను నానమ్మ కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. ఎందుకమ్మ ఒక్కో ముక్క మీద గుర్తులు పెట్టింది. పావు దగ్గర పక్కకు నాలుగు వేళ్లు లోపలికి, సగం దగ్గర రెండున్నర, ముప్పావు దగ్గర ఒకటి, అంచున ఏమీ లేదు. చుక్కలు పెట్టాక స్కేలు తీసుకుని, ఆ చుక్కలను కలపబోయింది.

“ఆగు” అన్నాడు నాన్న. “స్కేలుతో గీస్తే గొడుగుకు కోణాలొస్తాయి. ఇలా ఇవ్వు.”

సుద్ద తీసుకుని వంగాడు. చెయ్యి ఎత్తకుండా, మొననుంచి అంచుదాకా ఒక్క ఊపున గీత లాగాడు. ఆ గీత నాలుగు చుక్కలనూ పలకరించి, మధ్యలో ఎక్కడా కుదుపు లేకుండా వెళ్లింది. ఎందుకమ్మ దాన్ని చూసి అలాగే ఉండిపోయింది. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

“చుక్కకీ చుక్కకీ మధ్య ఎక్కడ ఎంత వంచాలో నీకెలా తెలిసింది నాన్నా?”

“చేతికి తెలుస్తుంది.”

“పెద్ద లెక్కల్లో మొదటి పాఠం అదే తెలుసా? వంపు ఒక్కో చుక్క దగ్గర ఎంత తిరుగుతోందో కనిపెట్టడం. పరీక్షలో ఆ లెక్క దగ్గరే నేను ఆగిపోయాను. టైమంతా దానికే పోయింది, ముప్పైమూడు అందుకే. మిగతావి చేసుకుని ఉంటే నలభై వచ్చేవి. కానీ దాన్ని అలా వదిలేసి వెళ్లబుద్ధి కాలేదు. నాకు ఫస్టు రావాలని లేదు నాన్నా. ఆ పుస్తకం మూసేసి రెండేళ్లు ఊరికే కూర్చోలేను, అంతే. వెనక్కి పంపిస్తే పంపించనీ. ఏడుస్తాను, మళ్లీ నీ దగ్గరికే వస్తాను. అంతేగా?”

నాన్న సుద్ద చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“మొదటి పాఠం ఇంకా అదేనా?”

“ఇంకా అంటే?”

“కత్తెర తే” అన్నాడు నాన్న గబగబా.

రెండు మిషన్లు ఒకేసారి మొదలయ్యాయి. ఒకదాని మీద నాన్న, ఒకదాని మీద నానమ్మ. ఎందుకమ్మ ముక్కలు అందించింది. మూడుంపావుకు గొడుగు మళ్లీ గుంజ ఎక్కింది. ఈసారి బిందె పట్టుకుని మేడెక్కింది ఎందుకమ్మే. కాఫీ హోటలావిడ చెప్పులు చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడింది.

నీళ్లు పడ్డాయి. గుడ్డ గుక్క మింగనైనా మింగలేదు. ఎనిమిది ముక్కల మీదినుంచి సరసరా జారి, ఎనిమిది చివరలనుంచి ఎనిమిది ధారలుగా కింద పడ్డాయి. నాన్న గుడ్డను వేలితో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. కాఫీ హోటలావిడ చప్పట్లు కొట్టాలని చెప్పులు కింద పడేసింది. అవి సరిగ్గా నీళ్లలో పడ్డాయి. ఆవిడ పట్టించుకోలేదు.

“దీని కింద మొదటి కాఫీ నీకేనే” అని ఎందుకమ్మ బుగ్గ గిల్లి, ఇద్దరు మనుషులను కేకేసి, గొడుగు ఎత్తించుకుని, తడి చెప్పులతో చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.

గోడమీద గడియారం మూడున్నర చూపించింది. ఎందుకమ్మ అడగలేదు. పొద్దున్నుంచి అడగాల్సిందంతా అడిగేసింది. గచ్చు మీద అంకెలు తుడవడానికి గుడ్డ తీసుకుంది.

“అది ఉండనీ” అన్నాడు నాన్న. “పెన్ను తే.”

ఆమె కదల్లేదు.

“పెన్ను తెమ్మంటుంటే. లెక్క తప్పింది నేను. మాట కూడా నేనే తప్పుగా అన్నాను. నీకు రాదని వద్దనలేదు తల్లీ. నాలాగే నువ్వూ...” ఆయన గచ్చు మీది అంకెల వైపు తిరిగాడు. “భయమేసింది. అంతే. ఇంకేమీ కాదు.”

ఎందుకమ్మ పెన్ను తేవడానికి లోపలికి ఎగిరినట్టు వెళ్లింది. తిరిగొచ్చేసరికి నాన్న ఫారం అడుగున పెట్టుకోవడానికి గట్టిగా ఉండేదేమైనా ఉందా అని వెతుకుతున్నాడు. బల్ల ఇంకా తడిగానే ఉంది. కిటికీ గట్టు మీద నమూనా కనిపించింది. చెయ్యి చాపాడు.

“అది వద్దు” అంది నానమ్మ. “ఇంకేదన్నా తీసుకో.”

నానమ్మ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అరుదు. కానీ అప్పటికే నాన్న దాన్ని తీసేశాడు. మొదట నీళ్లు, తర్వాత రెండు గంటల ఎండ. నానమ్మ జిగురు జీవితంలో మొదటిసారి ఓడిపోయింది. పై పొర ఒక మూల చుట్టుకుపోయి లేచింది. నాన్న దాన్ని సరిచేయబోయాడు. అది ఇంకాస్త లేచింది. కింద గళ్ల కాగితం, పెన్సిలు రాతలు. లాగాడు. సరసరా ఊడి వచ్చింది.

ఒక వంపు గీత. దానిమీద నాలుగు చుక్కలు. ప్రతి చుక్క పక్కనా అంకెలు. ఎనిమిదికి పన్నెండు. పద్నాలుగుకు ఇరవై ఒకటి. ఇరవైకి ముప్పై. ఇరవై నాలుగుకు ముప్పై ఆరు. పక్కన గుండ్రటి కుర్ర దస్తూరీతో, ‘అన్నిచోట్లా రెండున్నచోట మూడు’ అని ఉంది.

“నాన్నా, ఇది మన లెక్కే కదా!” అంది ఎందుకమ్మ. “మనం ఇవాళ చేసినట్టే ఎవరో చిన్న గొడుగునుంచి ఈ సైజు తెచ్చారు. తాత వేళ్ల లెక్క కాదు ఇది. ఎవరి రాత?”

నాన్న అట్టను రెండు చేతులా పట్టుకున్నాడు.

“నాది” అన్నాడు.

పదహారేళ్లప్పుడు ఆయనా గీతకు కిందే ఉన్నాడట. మూడు నెలలు కూర్చుని చూడమని పెద్ద లెక్కల్లో చేర్చుకున్నారట. ఆఖర్న, మీ ఇంటి పనిలోంచి ఒక లెక్క చేసి చార్టు మీద గీసుకు రమ్మన్నారట. రెండు రాత్రులు కూర్చుని, గొడుగు ముక్క అసలు కొలతకే ఇది గీసి ఇచ్చాడు. చార్టు తిరిగి రాలేదు. వారం తర్వాత ఆయన పేరు వాడుక లెక్కల్లోకి మారింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. తప్పు చేసి ఉంటాననుకున్నాడు. ఎందుకు అని అడగడానికి సిగ్గేసింది. ఆ ఏడాదే తాత కొత్త నమూనా చేశాడని చెప్పి నానమ్మ ఈ అట్టను బల్లమీద పెట్టింది.

“ఇన్నేళ్లూ నా లెక్క తప్పని చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ దాంతోనే గొడుగులు కత్తిరించాను” అన్నాడు నాన్న. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి ఆయన నోట్లోంచి వచ్చింది.

ఎందుకమ్మ మాత్రం అంకెలు చూడడం మానేసింది. చార్టు అడుగున ఎర్ర సిరా ఉంది. వెలిసిపోయినా చదవడానికి వస్తోంది. ‘ఈ కుర్రాడు పెద్ద లెక్కల్లోనే ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి నన్ను కలవండి.’ చివర చుక్క లేదు. చిన్న ఎర్ర చతురం ఉంది.

నాన్న ఆ వరుసను మూడుసార్లు చదివాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. “అమ్మా. ఈ కొట్టులో జిగురు నీది.”

“నాదే. ముందు దాని ఫారం మీద సంతకం పెట్టు. టైము పది తక్కువ నాలుగు. నన్ను తర్వాత తిడుదువు గాని.”

నాన్న పెట్టాడు. తన పాత లెక్క మీదే ఫారం పెట్టి, పెన్ను గట్టిగా నొక్కి, పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు. ఎందుకమ్మ కాగితం అందుకుంది. కాళ్లు మాత్రం గుమ్మం దాటనంటున్నాయి.

“అతికించింది నేనే” అంది నానమ్మ. ఆవిడ చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. “పోయిన మీ నాన్నకు ఇందులో ఏముందో తెలీదు పాపం, ఆయన్నేమీ అనకు. ఇది పట్టుకుని ఒక సాయంత్రం ఆ టీచరమ్మే మనింటికొచ్చింది. ఇదిగో, ఈ బల్ల దగ్గరే కూర్చుంది. ఈ రాత రాసిన మనిషే, రెండు చేతులూ పట్టుకుని, ఇది మీ అబ్బాయి కంట పడనివ్వకండమ్మా అని నన్ను బతిమాలింది.”

“ఎందుకు?”

ఆ మాట అన్నది ఎందుకమ్మ కాదు. నాన్న.

“అది నేను చెప్పకూడదని ఒట్టు. ఆవిడే చెప్పాలి.”

నాన్న చార్టును చంకలో పెట్టుకున్నాడు, చొక్కా మీది సుద్ద దులుపుకున్నాడు, చెప్పులేసుకున్నాడు. “పద” అన్నాడు కూతురితో. బడి వదిలాక ఇరవై ఆరేళ్లలో ఆయన ఆ వీధిలోకైనా వెళ్లలేదు. కూతుర్ని చేర్పించడానికి కూడా అమ్మే వెళ్లింది. ఇప్పుడు కూతురికంటే ముందు పరుగెత్తాడు.

నాలుగు వీధులు. వాళ్లు వరండాలోకి వచ్చేసరికి నాలుగింటికి రెండు నిమిషాలుంది. కిటికీ వెనక లెక్కల టీచరమ్మ ఫారాలన్నీ ఒక కట్టగా కట్టి, పైన దారం ముడి వేస్తోంది. ఎందుకమ్మ రొప్పుతూ చెయ్యి లోపలికి చాపింది. “టీచర్, సంతకం పెట్టించాను!”

టీచరమ్మ ఆ కాగితం అందుకోలేదు. అసలు అటు చూడనే లేదు. ఎందుకమ్మ భుజం పైనుంచి, వెనక నిలబడ్డ మనిషి ముఖాన్ని చూసింది, ఆయన చంకలో అట్టను చూసింది. చేతిలో దారం వదిలేసి మెల్లగా లేచి నిలబడింది.

“దాన్ని చించేయమని కదా మీ అమ్మకు చెప్పాను” అంది.

(సశేషం)